కొండ సరుకు లెక్క: సాలూరు ఘాటు నుంచి సెల్‌ఫోను దాకా



మొన్న సమావేశం అయ్యాక భోజనాల దగ్గర మన సభ్యుడి కోడలు ఒకమ్మాయి నా పక్కన కూర్చుంది. పేరు రాయను, తనకి ఇష్టం లేదు. మూడు నెలలుగా అడ్డాకు విస్తళ్ళు ఆన్‌లైన్‌లో అమ్ముతోంది. "మావయ్యగారూ, 412 ఆర్డర్లు వెళ్ళాయి. మంచి రేటింగ్ కూడా వచ్చింది. బ్యాంకులో మాత్రం డబ్బు తగ్గుతోంది. మీరు రైల్వేలో లెక్కలు చూసినవారు కదా, ఒకసారి చూస్తారా?" అంది. ఆ లెక్క చూశాక నాకు రెండు రోజులు నిద్ర పట్టలేదు. అందులో మన వ్యాపారుల వందేళ్ళ చరిత్ర కనబడింది. అందుకే ఈ పోస్టు. కాస్త పొడుగు, ఓపిగ్గా చదవండి.

ముందు నా సంగతి. మా ఇంట్లో తెలుగే, కాని నాన్న ఉద్యోగం జోలార్‌పేట వైపు కాబట్టి నా చదువంతా తమిళ మీడియం. తెలుగు అక్షరాలు నేను బళ్ళో నేర్చుకోలేదు, గూడ్స్ షెడ్డులో నేర్చుకున్నాను. 1980ల్లో సౌత్ ఈస్టర్న్ రైల్వేలో గూడ్స్ క్లర్కుగా వాల్తేరు డివిజన్‌కి వచ్చేసరికి, వ్యాపారులు సరుకుతో పంపే చీటీలు తెలుగులో ఉండేవి. "చింతపండు 40 బస్తాలు" అన్నదే నా మొదటి పాఠం. కాబట్టి వత్తులూ దీర్ఘాలూ తప్పితే క్షమించండి.

ఇక అసలు విషయం. మన కోరాపుట్, రాయగడ ప్రాంతం 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడే దాకా మద్రాసు ప్రెసిడెన్సీలో, విశాఖపట్నం ఏజెన్సీలో భాగం. రైలు రాక ముందు సరుకు నడిచే దారి సాలూరు నుంచి పొట్టంగి ఘాటు. కిందనుంచి ఉప్పు, బట్ట పైకి వెళ్ళేవి. పైనుంచి చింతపండు, పసుపు, వలిసెలు, కరక్కాయ, మైనం కిందికి దిగేవి. ఎద్దుల మీద గోనెలు వేసుకుని బంజారాలు గుంపులుగా తోలుకుపోయేవారు. సాలూరు అందుకే పెద్ద వర్తక కేంద్రం అయింది. 1913 నాటికి బొబ్బిలి నుంచి అక్కడికి రైలు కొమ్మ కూడా వేశారు.

ఆ రోజుల్లో మనవాళ్ళు లెక్క ఎలా పెట్టేవారు? నేను ఉద్యోగంలో ఉన్నప్పుడు ఒక పెద్దాయన ఇంట్లో పాత పుస్తకాలు చూపించారు. రోజువారీ రాసేది చిట్టా. దాన్నుంచి మనిషి మనిషికీ విడదీసి ఎక్కించేది ఆవర్జా. మా తమిళంలో దాన్ని పేరేడు అంటారు, అంటే పేర్ల పుస్తకం. జమ, ఖర్చు అనేవాటిని వరవు, పట్రు అంటాం. మాట వేరైనా పద్ధతి ఒక్కటే.

ఆ పుస్తకాల్లో నేను గమనించింది ఒకటుంది. ఎవరు ఎంత బాకీ ఉన్నారో వివరంగా ఉంది. పలానా సరుకు మీద ఎంత మిగిలిందో చాలా పేజీలు తిప్పినా విడిగా కనబడలేదు. "ఇదెలా తెలిసేదండీ?" అని అడిగితే ఆయన తల తట్టి చూపించారు. సరుకు లెక్క తలలో, మనుషుల లెక్క పుస్తకంలో. తలలో ఉన్నదాన్ని కొందరు రహస్య భాషలో దాచుకునేవారు కూడా. 1909లో అచ్చయిన థర్‌స్టన్ గారి కులాలు, తెగల పుస్తకంలో కోమటి వర్తకులకి బేరాల్లో వాడే రహస్య భాష ఉందని రాశారు. బట్టల కొట్లో చీర అంచుకి కట్టిన చీటీ మీద అర్థం కాని అక్షరాలు చూసే ఉంటారు. ఒక్కో అక్షరం ఒక్కో అంకె. అది కొన్న ధర. గుమస్తాకి తెలుస్తుంది, కొనేవారికి తెలియదు. ఇప్పటి పిల్లలు ఎస్‌కేయూ అంటున్నారే, సరుకు సరుకుకీ ఒక గుర్తింపు కోడ్, దానికి తాత ఆ చీటీయే.

తర్వాత రైలు వచ్చింది. విజయనగరం నుంచి పార్వతీపురం దాకా 1908-09లో, అక్కడినుంచి రాయగడ మీదుగా రాయపూర్ దాకా 1931లో బెంగాల్ నాగపూర్ రైల్వే వాళ్ళు పూర్తి చేశారు. రెండేళ్ళకే, 1933లో, విశాఖ ఓడరేవు తెరిచారు. కొండ సరుకుకి ఒక్కసారిగా ప్రపంచం దగ్గరైంది. అయితే తలలో పెట్టుకునే లెక్కకి మొదటి దెబ్బ కూడా అప్పుడే తగిలింది.

ఎందుకంటే మణుగు మారిపోయింది. మన మద్రాసు మణుగు అంటే 8 వీశెలు, 25 పౌనులు, ఇప్పటి లెక్కలో 11 కిలోల 340 గ్రాములు. ఉత్తరాది రైల్వే మణుగు 40 శేర్లు, 82 పౌనుల పైచిలుకు, అంటే 37 కిలోల 320 గ్రాములు. పేరు ఒకటే, బరువు మూడు రెట్లకి పైగా తేడా. 100 మద్రాసు మణుగుల చింతపండు కొన్నవాడు రైల్వే రసీదు మీద సుమారు 30 మణుగుల 15 శేర్లు చూస్తాడు. కొన్నది ఒక కొలతలో, కిరాయి కట్టింది ఇంకో కొలతలో, అమ్మింది విశాఖ ఆడ్తిదారు కాటా మీద. ఈ మూడింటినీ ఒక కొలతలోకి మార్చి రాసుకోకపోతే లాభమో నష్టమో ఆ దేవుడికే తెలియాలి.

దానికి తోడు దారి ఖర్చులు. హమాలీ, గోనె సంచి, బండి కిరాయి, రైలు కిరాయి, దలాలీ, ఆఖరున తరుగు. చింతపండు ఆరుతుంది, పసుపు ఎండుతుంది. పైన 100 తూగింది కింద 100 తూగదు. ఇవన్నీ కలిపిన ధరని తమిళంలో అడక్క విలై అంటారు. అడక్కం అంటే అన్నీ లోపల అణిగి ఉండటం. మాకు కామర్స్ చెప్పిన మాస్టారు, "కొన్న ధర వేరు, అడక్క విలై వేరు. ఈ రెండూ ఒకటే అనుకున్నవాడు కొట్టు మూసేస్తాడు" అనేవారు. తెలుగులో దానికి సరిపోయే మంచి మాట గిట్టుబాటు. అన్నీ పోను చేతికి గిట్టాలి.

రైల్వే ఇంకో కొత్త పని చేసింది. ప్రతి సరుకునీ ఒక తరగతిలో పెట్టింది. మా దగ్గర గూడ్స్ టారిఫ్ అని లావుపాటి పుస్తకం ఉండేది. ఏ సరుకు ఏ తరగతి, ఆ తరగతికి రేటు ఎంత, బస్తాలో పంపాలా, కట్టగా పంపాలా, అంతా అందులోనే. బరువు తక్కువై చోటు ఎక్కువ తినే సరుకుకి కొలతని బట్టి కిరాయి వేసే నియమాలు కూడా ఉండేవి. ఈ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను.

ఆ తరగతి తప్పు రాస్తే ఏమవుతుందో నాకు స్వానుభవం. ఉద్యోగంలో చేరిన రెండో ఏడు ఒక చిన్న స్టేషన్లో, ఒక సరుకుని దాని పక్క వరసలో ఉన్న తరగతి కింద రాశాను. కొన్ని నెలల తర్వాత ఎర్రర్ షీట్ వచ్చింది. తక్కువ వసూలైన మొత్తం నా పేరున డెబిట్. సరుకు ఎప్పుడో చేరిపోయింది, వ్యాపారి మర్చిపోయాడు, నేను మాత్రం జీతంలోంచి కట్టాను. తప్పు నాదే, ఎవర్నీ అనను. ఆ రోజు నుంచి ఒక్క గడి నింపాలన్నా రెండుసార్లు చూసేవాణ్ణి.

స్వతంత్రం వచ్చాక కొలతలు దారికొచ్చాయి. 1956లో తూనికలు కొలతల చట్టం, 1957 ఏప్రిల్‌లో నయాపైసలు, 1958 అక్టోబరు నుంచి విడతలుగా కిలోలు. పన్నులు మాత్రం దారికి రాలేదు. మద్రాసు అమ్మకం పన్ను చట్టం 1939ది, ఒరిస్సాది 1947ది. పార్వతీపురానికీ రాయగడకీ సుమారు 50 కిలోమీటర్లు, కాని రెండు చట్టాలు, రెండు పట్టికలు, మధ్యలో చెక్ గేటు. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చాకే ఆ గేటు పోయింది. దాని వెంట హెచ్‌ఎస్‌ఎన్ కోడ్ వచ్చింది. ప్రపంచంలో చాలా దేశాలు సరుకులకి ఒకే రకం అంకెలు ఉండాలని ఒప్పుకుని 1988 నుంచి అమలు చేస్తున్న పద్ధతి అది. నాకైతే మా గూడ్స్ టారిఫే వేషం మార్చుకుని వచ్చినట్టనిపించింది.

ఇక్కడిదాకా చెప్పింది మనవాళ్ళ కష్టం. ఇప్పుడు చెప్పేది మనకి నచ్చకపోవచ్చు. కాని చరిత్ర రాసేటప్పుడు ఒక పక్కే రాస్తే అది కూడా దొంగ లెక్కే.

సంతలో కొలత ఎవరి చేతిలో ఉండేది? చాటికోన బుధవారం సంతకి డొంగ్రియా కోందు ఆడవాళ్ళు పసుపు, అనాస, అరటి తలమీద పెట్టుకుని దిగుతారు. ఇప్పటికీ చూడొచ్చు. పాత రోజుల్లో ఆ పసుపు కొలిచే కుంచం షావుకారుది, రాసే పుస్తకం షావుకారుది, చదవగలిగేదీ ఆయనే. కొనేటప్పుడు కుంచం మీద కుప్ప పోయించుకుని, అమ్మేటప్పుడు అంచు దాకా చేత్తో తీసేసేవాళ్ళు ఉండేవారు. అందరూ అని నేను అనను. కాని ఉండేవారు. అప్పు పద్దు పెరిగి పెరిగి భూమి దాకా వెళ్ళేది. అందుకే 1917లో మద్రాసు ప్రభుత్వం ఏజెన్సీ వడ్డీ, భూబదిలీ చట్టం తెచ్చి వడ్డీని ఏడాదికి 24 శాతం మించకూడదని, గిరిజనుల భూమి గిరిజనేతరుల చేతికి పోకూడదని కట్టడి చేసింది. 1956లో ఒరిస్సా ప్రభుత్వం మళ్ళీ భూబదిలీ రెగ్యులేషన్ తేవలసి వచ్చిందంటే, మొదటిదానితో పని జరగలేదనే కదా అర్థం.

దీంట్లో నాకు అర్థమైనది ఇది. లాభం సరుకులో ఎంత ఉందో, కొలతా పుస్తకమూ ఎవరి చేతిలో ఉన్నాయన్నదాంట్లో అంతకన్నా ఎక్కువ ఉంది.

ఇప్పుడు మన అమ్మాయి దగ్గరికి వద్దాం.

ఆన్‌లైన్ వ్యాపారం మనకి దూరం కాదు. 2007లో ఫ్లిప్‌కార్ట్‌కి వచ్చిన మొట్టమొదటి ఆర్డరు మన మహబూబ్‌నగర్ నుంచి, ఒక తెలుగాయన వేసిందే. తమాషా ఏమిటంటే వెబ్‌సైటులో పెట్టిన ఆ పుస్తకం వాళ్ళ దగ్గర లేదు. పెట్టినవాళ్ళే బెంగళూరు కొట్లన్నీ తిరిగి వెతికి పంపారు. పట్టికలో ఉంది, గోడౌన్లో లేదు. అంత పెద్ద వ్యాపారం కూడా లెక్క తప్పుతోనే మొదలైందన్నమాట.

అమ్మాయి నాకు చూపించిన లెక్క ఇది. 50 విస్తళ్ళ ప్యాకెట్టు 349 రూపాయలు. ఆకు కుట్టే కోందు ఆడవాళ్ళకి ఇచ్చేది 110. అట్టపెట్టె, టేపు 22. కంపెనీ కమిషన్ 35, ఇంకో ఫీజు 15. బరువు 900 గ్రాములు కాబట్టి కిలో లోపు రవాణా 65. ఈ మూడు ఫీజుల మీద 18 శాతం జీఎస్టీ 21. మొత్తం 268. మిగిలేది 81. 412 ఆర్డర్లకి 33 వేల పైచిలుకు రావాలి. రాలేదు.

నేను పెట్టె అడిగాను. స్కేలు పెట్టి కొలిచాను. పొడవు 32 సెంటీమీటర్లు, వెడల్పు 32, ఎత్తు 20. కొరియర్లు మామూలుగా పొడవు, వెడల్పు, ఎత్తు గుణించి 5000తో భాగిస్తారు. 20,480ని 5000తో భాగిస్తే 4 కిలోల పైన. అసలు బరువు, ఈ కొలత బరువు, రెండిట్లో ఏది ఎక్కువైతే దానికే కిరాయి. అంటే 900 గ్రాముల విస్తళ్ళకి నాలుగున్నర కిలోల చార్జి, 172 రూపాయలు. బరువు తక్కువ, చోటు ఎక్కువ. మా గూడ్స్ టారిఫ్ నియమమే! గుర్తుపెట్టుకోమన్నది అందుకే. ఆ తేడా ఆర్డరు వెళ్ళిన కొన్నాళ్ళకి ఖాతాలోంచి నిశ్శబ్దంగా తీసుకుంటున్నారు. నాకు వచ్చిన ఎర్రర్ షీటు అన్నమాట. తనకి మాత్రం కాగితం రాలేదు, ఫోన్లో ఎక్కడో మూలన ఒక వరస ఉంది.

మళ్ళీ వేశాం. ఫీజులు 35, 15, 172 కలిపి 222. దానిమీద 18 శాతం 40. విస్తళ్ళు, పెట్టె 132. మొత్తం 394. అమ్మింది 349కి. ప్యాకెట్టుకి 45 నష్టం. ఎంత అమ్మితే అంత పోతుంది. 412 ప్యాకెట్లకి 18 వేల పైచిలుకు పోయింది, తిరిగి వచ్చినవి కాక.

ఇంకో సంగతి కూడా తనకి తెలియదు. 2019 అక్టోబరు 1 నుంచి ఆకు విస్తళ్ళ మీద, ఎండు చింతపండు మీద జీఎస్టీ 5 శాతం నుంచి సున్నా అయింది. మంచిదే అనుకున్నాం. కాని పన్ను లేని సరుకు అమ్మేవారు, ఫీజుల మీద కట్టిన 18 శాతాన్ని వెనక్కి తీసుకోలేరు. అది పూర్తిగా ఖర్చే. అదే పసుపు పొడి అమ్మేవారు, 5 శాతం పన్ను కట్టే రిజిస్టర్డ్ వ్యాపారి అయితే, సర్దుబాటు చేసుకోవచ్చు. ఒకే ఇంట్లోంచి వెళ్ళే రెండు సరుకులకి రెండు లెక్కలు. అందుకే సరుకు సరుకుకీ వేరే పేజీ ఉండాలంటాను.

అప్పుడు ఆ అమ్మాయి అన్న మాటే నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. "అయితే కుట్టేవాళ్ళకి విస్తరికి 2 రూపాయల 20 పైసలు ఇస్తున్నాం కదా, రూపాయి 60 చేద్దామా?"

తను చెడ్డపిల్ల కాదు. నష్టం చూసి బెదిరింది. కాని ఒక్కసారి ఆలోచించండి. పైవాడి కొలత మనకి అర్థం కాలేదు. అడగలేం. కిందివాళ్ళకి మన పుస్తకం చదవడం రాదు. వాళ్ళు అడగలేరు. కాబట్టి నష్టం కిందికే పోతుంది. నూరేళ్ళ క్రితం సంతలో జరిగింది అచ్చంగా ఇదే.

నేను కాగితం మీద వేసి చూపించాను. "అమ్మా, 60 పైసలు తగ్గిస్తే 50 విస్తళ్ళకి 30 రూపాయలు మిగుల్తాయి. నీ నష్టం 45. ఇంకా 15 పోతూనే ఉంటుంది, ఆ ఆడవాళ్ళ కూలీ కూడా పోతుంది. తప్పు పెట్టెలో ఉంది, వాళ్ళ చేతుల్లో లేదు."

విస్తళ్ళు బాగా ఆరాక రాత్రంతా బరువు పెట్టి అణిచి, 9 సెంటీమీటర్ల ఎత్తు పెట్టెలో పెట్టించాం. 32, 32, 9 గుణించి భాగిస్తే 2 కిలోల లోపు. రవాణా 98కి దిగింది. ఫీజులు 148, వాటిమీద పన్ను 27, గట్టి పెట్టె 24, విస్తళ్ళు అదే 110. మొత్తం 309. మిగిలేది 40. ముందు అనుకున్న 81 కాదు, కాని ఇది నిజమైన 40.

దానిలోనూ ఒక మెలిక ఉంది, తిరిగి వచ్చే సరుకు. ఒక ప్యాకెట్టు వెనక్కి వస్తే రానుపోను రవాణా, దానిమీద పన్ను, పెట్టె, నలిగిన విస్తళ్ళు కలిపి 365 పోతుంది. నూటికి 8 తిరిగొస్తే 92 ప్యాకెట్ల మీద వచ్చిన 3,680లో 2,920 పోయి 760 మిగులుతుంది. నూటికి 3 తిరిగొస్తే 2,785 మిగులుతుంది. ఎందుకు తిరిగొస్తున్నాయో చూస్తే, పేజీలో విస్తరి వ్యాసం రాయలేదు. చిన్నవనో పెద్దవనో వెనక్కి పంపుతున్నారు. "12 అంగుళాలు, అడ్డాకు, కుట్టినవి, ప్లాస్టిక్ పూత లేదు" అని రాసి, స్కేలు పక్కన పెట్టి ఫోటో తీయించాం. సరుకు వివరం సరిగ్గా రాయడం అలంకారం కోసం కాదండీ, అది కూడా డబ్బే.

మన పిల్లలు చాలామంది ఇప్పుడు ఈ దారిలో ఉన్నారు. కోరాపుట్ కాఫీ, 2024లో భౌగోళిక గుర్తింపు వచ్చిన కాలాజీర బియ్యం, రాగులు, పసుపు. అందరికీ ఒకటే చెప్తున్నాను. సాఫ్ట్‌వేర్ తర్వాత కొనుక్కోండి. ముందు ఒక గీతల పుస్తకం తెచ్చుకుని సరుకుకి ఒక పేజీ ఇవ్వండి. పైన పేరు, మీ కోడ్, హెచ్‌ఎస్‌ఎన్, పన్ను శాతం. కింద అసలు బరువు, పెట్టె కొలతలు, కొలత బరువు. తర్వాత కొన్న ధర, పెట్టె, కమిషన్, ఇతర ఫీజులు, రవాణా, ఫీజుల మీద పన్ను, నూటికి ఎన్ని తిరిగొచ్చాయి. ఆఖరి గడిలో గిట్టుబాటు. వారానికి ఒకసారి, కంపెనీ పంపే సెటిల్‌మెంట్ పట్టికని మీ పేజీతో పోల్చండి. తేడా కనబడితే గడువు లోపల ఫోటోతో, కొలతతో అడగండి. ఒక ఫీజు మారితే అన్ని పేజీలూ తిరగెయ్యండి. మా పాతవాళ్ళు చిట్టా రాయకుండా దీపం ఆర్పేవారు కాదు. వారానికి ఒక గంట మీరు కూర్చోలేరా?

ఆ అమ్మాయితో ఇంకో పని చేయించాను. ఆ పేజీ పట్టుకెళ్ళి, కుట్టే ఆడవాళ్ళ దగ్గర కూర్చుని, ఏది ఎంతో చదివి వినిపించమన్నాను. వాళ్ళలో ఒకామె అంతా విని, "ఇన్ని చోట్లకి పోతోందా మా ఆకు డబ్బు!" అందట. తర్వాత ఆమే, ఆకులు ఒకే సైజువి ఏరితే దొంతర ఇంకా పల్చగా అణుగుతుందని చెప్పిందట. వచ్చే వారం కొత్త పెట్టె కొలవాలి. ఎనిమిది సెంటీమీటర్లకి వస్తే ఆ మిగులులో కొంత కుట్టు కూలీకి కలుపుతానని అమ్మాయి మాటిచ్చింది. నేను సాక్షిని.

మీ ఇళ్ళలో అటక మీద పాత చిట్టాలు, ఆవర్జాలు, బీఎన్ఆర్ కాలం రైల్వే రసీదులు ఉంటే చెదలకి వదిలెయ్యకండి. ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, చదవడానికి నేను సాయం చేస్తాను. ఆన్‌లైన్‌లో అమ్మే పిల్లలు ఆదివారం సాయంత్రం సంఘం హాలుకి స్కేలు, తూకం, మీ పెట్టె పట్టుకుని రండి. కళ్ళజోడు నేను తెచ్చుకుంటాను.

తప్పులుంటే పెద్దలు సరిదిద్దగలరు. సెలవు.